పేరు మీద కబ్జా

బాన్సువాడ బస్టాండుకు ఎదురుగా మొన్న ఒక కొత్త చీరల దుకాణం తెరిచారు. ఎర్రటి బోర్డు మీద పసుపుపచ్చ అక్షరాలతో ‘కాలువగట్టు కోడలు శారీ సెంటర్’ అని రాసి ఉంది. రిక్షాలో పోతూ చదివాను. చదవగానే నేను చేసిన మొదటి పని, రిక్షా అతన్ని జల్దీ పోనిమ్మనడం. ఆ బోర్డు ఆయన కంట పడితే చాలు, నేను ఇల్లు చేరేలోపే నా ఆఫీసు గడప మీద కూర్చుని ఉంటాడు. సగం దూరం పోయాక గాని గుర్తు రాలేదు, ఆయన పోయి చాలా కాలమైందని. పోయిన మనిషి కూడా బతికున్నవాణ్ణి ఇట్లా పరుగు పెట్టిస్తాడా! ఒళ్లు మండిపోయింది.

ఊళ్లో ఆయన్ని పటేల్ అనేవాళ్లు. పటేళ్లకు మా దగ్గర కొదవ లేదు. కానీ మా ఇంట్లో ‘పటేల్ వస్తుండు’ అని ఎవరన్నా కేకేస్తే అది ఆయన గురించే. నా భార్యకు గుండెల్లో రాయి పడేది. ఆయన వచ్చాడంటే పొయ్యి మీది కూర చల్లారాల్సిందే, కోర్టు వేళ దాటిపోవాల్సిందే. వీధి మొదట్లోనే ఆయన కిర్రు చెప్పుల చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు విని నేను పెరటి గుమ్మంలోంచి తప్పించుకున్న రోజులున్నాయి. ఏం లాభం? కోర్టు గేటు దగ్గర నిలబడి ఉండేవాడు.

నేను బాన్సువాడలో వకీలుగా బోర్డు కట్టింది అరవై తొమ్మిదిలో. అదసలే ఉద్యమంతో బడులూ కోర్టులూ సరిగ్గా నడవని ఏడు. కక్షిదారు కనిపిస్తే పండగ అనుకునే రోజులు. అట్లాంటి రోజుల్లో మొదట గడప తొక్కినవాడు ఈయన. తొక్కడమంటే లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంటే బాగుండేది. గడప మీదే చతికిలబడ్డాడు. నెత్తికి చుట్టిన పెద్ద తెల్ల రుమాలు, చెవులకు అంటుజోళ్లు, చేతిలో పొన్నుకర్ర.

“కుర్సీల కూసోండ్రి పటేలా” అన్నాను.

“కుర్సీల కూసుంటె మాట గొంతులకెల్లి రాదు వకీల్ సాబ్” అన్నాడు.

గడప మీద ఆయన కూర్చుంటే ఇంకో కక్షిదారు లోపలికి రాలేడు, నేను బయటికి పోలేను. పదేళ్లకు పైగా ఇదే వరస.

ఆయన సంగతంతా ఒక పేరు. ‘కాలువగట్టు కోడలు’. వయసులో ఉన్నప్పుడు, మా వైపు పెద్దకాలువలో నీళ్లు పారడం మొదలైన కొన్నేళ్లకు, ఆయన రాసిన డ్రామా అది. అత్త మాటకు ఎదురు చెప్పలేక, నీళ్ల వంతు కాయడానికి కాలువ మీదికి పోయిన కోడలు అందులో మునిగిపోతుంది. కథ ఇంతే. కోతలయ్యాక నస్రుల్లాబాద్, బిచ్కుంద, ఇటు డోంగ్లి దాకా ఊరూరా ఆడించాడు. పాటల పుస్తకాలు అచ్చేయించి అంగట్లో అమ్మించాడు. మంచిదే. ఎవరు కాదన్నారు? కానీ ఆ పేరు పలకాల్సి వస్తే ఆయన ముందు రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకునేవాడు. తర్వాతే పేరు పలికేవాడు, అదీ పూర్తిగా. ఎదుటివాడు పొరపాటున ‘కోడలు డ్రామా’ అన్నాడో, చచ్చాడే!

“పూరా పేరు చెప్పు. గంత బరువున్నదా?” అని నిలదీసేవాడు.

బస్సు కండక్టర్‌ని నిలదీశాడు, దవాఖానలో కాంపౌండర్ని నిలదీశాడు. ఒకసారి ఏదో గట్టు తగాదాలో సాక్షిగా బోనెక్కించాను. వృత్తి ఏమిటని గుమాస్తా అడిగాడు. వ్యవసాయం అని చెప్పమని అంతకుముందే నూరిపోశాను. ఈ మహానుభావుడు రుమాలు తీసి చంకలో పెట్టుకుని, “కాలువగట్టు కోడలు” అన్నాడు. కోర్టంతా గొల్లుమంది. మున్సిఫ్ గారు నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ మంటగానే ఉంది.

ఇంతకీ ఆయన నా దగ్గరికి వచ్చిన పని, ఆ పేరు ఎవడో ఎత్తుకుపోయాడని. ఎత్తుకుపోయినవాడు ఎవరో కాదు, ఆయన డ్రామాలో ఏళ్ల తరబడి కోడలు వేషం కట్టినవాడే. ఊరి బయటి తండా మనిషి. పగలు నాట్లూ కోతలూ, రాత్రి వేషం. ఇంట్లో వాళ్ల భాష, బయట తెలుగు. మనిషికి బుర్రమీసాలుండేవి గాని, డ్రామాల కాలం వచ్చిందంటే గొరిగించుకునేవాడు. చీర కట్టి కుచ్చిళ్లు సర్దుకుంటూ రెండడుగులు వేస్తే ఆడవాళ్లే అసూయపడేవాళ్లట. అతని అసలు పేరు తండాలో కూడా మరిచిపోయారు. అందరికీ ‘కోడలు’. ‘కోడలు ఎడ్లు కొన్నడట’, ‘కోడలుకు జరమొచ్చిందట’ అని చెప్పుకునేవాళ్లు.

డ్రామాలో కాలువ అంటే నీలిమందులో ముంచి ఆరేసిన ఒక పాత ధోతి. చెరో కొస పట్టుకుని ఇద్దరు ఊపుతుంటారు. కోడలు ఆ అలల కిందికి దిగుతుంది. ఆఖరికి గాజుల చెయ్యి ఒక్కటే పైకి లేస్తుంది, అదీ మునుగుతుంది. అక్కడ జనం గొల్లున ఏడవాలి. ఏడ్చేవాళ్లు. ఒక ఏడు ఈ కోడలు ధోతి కిందికి దిగి, చెయ్యి పైకెత్తి, మునగకుండా అవతలి వైపు గట్టెక్కి చీర పిండుకుంది. జనం ఈలలు వేశారు. పటేల్ హార్మోనియం మూసేసి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అతను తండా వాళ్లతో వేరే జట్టు కట్టుకున్నాడు. పాటలు తనే కట్టుకున్నాడు, మాటలు తనే అల్లుకున్నాడు. పేరు మాత్రం అదే పెట్టుకున్నాడు.

“కేసెయ్యుండ్రి” అన్నాడు పటేల్, అద్దం కట్టించిన ఒక కాగితం నా బల్ల మీద పెట్టి. దేవుడి పటానికి పెట్టినట్టు దానికి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. కుంకుమ తుడిచి చదివాను. పూర్వం ఎప్పుడో పాటల పుస్తకం అమ్మకానికని ఆ పేరు మీద తీసుకున్న ట్రేడ్‌మార్కు. గడువు తీరిపోయి ఏళ్లయింది.

నేనప్పుడు కుర్రవాణ్ణి. చదువుకున్న చట్టమంతా చెప్పాలన్న ఉబలాటం. “పటేలా, జెర ఇనుండ్రి. ఇది పుస్తకానికిచ్చిన మార్కు. సరుకుకు ఇస్తరు, డ్రామాకు గాదు. దీన్ని మల్ల మల్ల రెన్యువల్ చేయించుకోవాలె, మీరు చేయించలే. పేరుకేమో కాపీరైటు ఉండదు. మీ పాటలు, మాటలు ఎత్తుకపోయిండా, చెప్పుండ్రి, రేపే నోటీసిస్త.”

“నా పాట ఒక్కటి పాడడు వాడు. అన్నీ వాని సొంత కూతలే.”

“మరింకేంది? ఒట్టి పేరే గద!”

“ఒట్టి పేరా?” ఆయన రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “కాలువగట్టు కోడలు అనే పేరు ఇని బండి కట్టుకొని వచ్చినోడు ఏం చూద్దామని వస్తడు? మునుగుడు చూద్దామని వస్తడు. గట్టెక్కిచ్చి పంపుతె దగా గాదా? వంద పేర్లున్నయి, ఏదన్న పెట్టుకొమ్మను. ఈ పేరెందుకు?”

వాదన బాగానే ఉంది. అందుకే ఇంకా కోపమొచ్చింది. ఎట్లాగైనా వదిలించుకుందామని అన్నాను: “పటేలా, అసలు మీరే డ్రామా బంద్ చేసిండ్రు. మార్కన్నది వాడుకల ఉంటెనే మార్కు. ఏండ్ల తరబడి వాడకుంట మూలకు పడేస్తె, కాయితం ఉన్నా దక్కదు.”

ఆయన ముఖం వెలిగిపోయింది. “అంటె కబ్జా ఉండాలంటరు.”

“కబ్జా గాదు, వాడకం.”

“అదే గద సాబ్ నేను చెప్పేది!” అని పటం చంకన పెట్టుకుని లేచి పోయాడు.

నేను ఏ గోతిలో పడ్డానో నాకప్పుడు తెలియలేదు. పడావు పడ్డ భూములున్న రైతులు మా వైపు ఒక పని చేసేవాళ్లు. మృగశిర కార్తె, మేం మిరుగం అంటాం, ఆ మిరుగం తొలివాన పడగానే నాగలి కట్టి పడావు భూమిలో ఒక్క సాలు దున్నేవాళ్లు. గింజ వెయ్యరు, పంట తియ్యరు. భూమి నా కబ్జాలోనే ఉందని పట్వారీకి, పక్క రైతుకి చూపించడానికి ఆ ఒక్క సాలు. పట్వారీ ఏటా రాసే పహాణీలో పేరు నిలబడితే చాలు. పటేల్ నా చట్టాన్ని ఈ లెక్కన అర్థం చేసుకున్నాడు.

మిరుగం నాడు పొద్దున్నే కబురొచ్చింది: “మా ఇంట్ల సాలున్నది, వకీల్ సాబ్ సాక్ష్యానికి రావాలె.” దున్నడమే అనుకుని పోయాను. వాకిట్లో పందిరి, హార్మోనియం, పాత వేషగాళ్లు. మొహమాటానికి వచ్చిన పట్వారీ గొడుగు కింద ముడుచుకుని కూర్చున్నాడు. సన్నగా జల్లు. పట్టపగలు డ్రామా! నీళ్ల వంతు గురించి మాట్లాడదామని వచ్చిన క్యాంపు రైతు ఒకాయనను, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషిని, బలవంతాన కూర్చోబెట్టారు.

“పగలు నాటకమేంటండీ బాబూ, అదీ వానలో!” అన్నాడాయన నా చెవిలో.

“నన్నడుగుతారేంటి?” అని కసిరాను. అడగాల్సింది నన్నే అని తర్వాత తెలిసింది. ‘వకీల్ సాబే చెప్పిండు ఏటా ఒక సాలు దున్నుమని’ అని పటేల్ ఊరంతా చాటాడు. డ్రామా మొత్తం కాదు, ఆఖరి మునుగుడు ఒక్కటే ఆడారు. కోడలు వేషానికి మనిషి లేడు. హార్మోనియం ముందు కూర్చునే కోడలు పద్యాలు పటేలే పాడాడు. పాడి, అంటుజోళ్ల చెవులతో, తెల్ల మీసాలతో, తనే ధోతి కిందికి దూరాడు. బొంగురు గొంతుతో దగ్గాడు. చెయ్యి పైకెత్తాడు. నవ్వాలో ఏడవాలో తెలియక పట్వారీ పొడుం పీల్చాడు.

“పటేలా, కోర్టుకు చూపెట్టనీకి చేసిన వాడకం వాడకం కిందికి రాదు” అని మర్నాడు నెత్తీనోరూ కొట్టుకున్నాను.

“ఒక్క సాలు దున్నితె పహాణీల పేరుంటలేదా?”

“అది భూమి!”

“ఇది భూమి కంటె ఎక్కువ” అన్నాడు. గోడకు చెప్పినా ఈపాటికి అర్థమయ్యేది.

ఏటా మిరుగం వచ్చేది, ఏటా సాలు పడేది, ఏటా నా తల ప్రాణం తోకకు వచ్చేది. అత్త వేషం కట్టే ఆయన ఉబ్బసంతో మానేశాడు. ధోతి పట్టేవాళ్లలో ఒకడు పొట్ట చేతపట్టుకుని వలస పోయాడు, ఇంకొకడికి పక్షవాతం. చివరికి ధోతి ఒక కొస పందిరి గుంజకు కట్టి, రెండో కొస నా చేతిలో పెట్టారు. నేను నల్లకోటు వేసుకుని, కోర్టుకు వేళవుతుంటే, వానలో నిలబడి నీలిమందు ధోతి ఊపేవాణ్ణి. దారిన పోయే నా కక్షిదార్లు చూసి నమస్కారాలు పెట్టేవాళ్లు. ఇంటికి పోతే చొక్కా చేతులకు అంటిన నీలం చూసి మా ఆవిడ, “చట్టం చదివింది గిందుకేనా?” అనేది.

విసుగెత్తి ఒకరోజు తెగించాను. “పేరు మీది అనాల్నంటె, పేరు ఇనంగనే జనానికి మీరు యాదికి రావాలె. వస్తరో రారో ఇప్పుడే తేల్చుకుందాం పాండ్రి” అని కోర్టు ముందటి చాయ్ హోటల్‌కు తీసుకుపోయాను. అంగడి రోజు. హోటల్ నిండా మనుషులు. చాయ్ చెప్పి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానిని గట్టిగా అడిగాను: “కాలువగట్టు కోడలు అంటె ఎవలన్నా?”

“గంతెరుకలేదా సాబ్?” నవ్వాడతను. “తండా మీది మన కోడలు గద!”

పక్క బల్లల మీది వాళ్లు కూడా అదే మాట. ఒకడు లేచి ఆ కోడలు చీర పిండే తీరు చేసి చూపించాడు. అందరూ నవ్వారు.

“మరి గీ పటేల్ ఎవలు?” అన్నాను.

“గా పటేల్ ఎవలకెరుక లేదు? డ్రామాల నడుమ లొల్లి పెడుతడు గదా!”

కేసు గెలిచినట్టు ఆయన వైపు తిరిగాను. చాయ్ మీద మీగడ కట్టింది. ఆయన తాగలేదు. “మీరు పూరా పేరు చెప్పిండ్రు. కోడలు డ్రామా అనలే, కాలువగట్టు కోడలు అంటెనే గుర్తు పట్టిండ్రు” అన్నాడు. ఇదేం మనిషిరా భగవంతుడా అనుకున్నాను. ఇంత చెప్పాక కూడా దులుపుకుని లేచాడు.

ఆ లొల్లి సంగతీ చెప్పాలి. తండా జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి ఈయన పోయేవాడు. వెనక నిలబడేవాడు. ఆఖరి ఘట్టం రాగానే పొన్నుకర్ర ఎత్తి, “మునుగు!” అని అరిచేవాడు. కోడలు ధోతి కిందినుంచి తల బయటపెట్టి, ఆ గొంతు ఎటునుంచి వచ్చిందో చూసుకుని, నింపాదిగా గట్టెక్కి, ఆయన వైపే తిరిగి నడుం మీద చెయ్యి వేసుకుని చీర పిండేది. జనం కేరింతలు. బిచ్కుంద అంగట్లో ఒక సాయంత్రం నన్ను కూడా సాక్ష్యానికి లాక్కుపోయాడు గనక కళ్లారా చూశాను. ఇది చూడటానికే బండ్లు కట్టుకుని వస్తున్నారు. డోంగ్లి వైపు నుంచి వచ్చిన మరాఠీ వాళ్లకు తెలుగులో ఇంకేం రాకపోయినా ఆ ఒక్క మాట వచ్చేసింది. వాళ్లూ వెనక వరసలోంచి “మునుగు! మునుగు!” అంటున్నారు. నాకు సిగ్గేసి కండువా ముఖం మీదికి లాక్కున్నాను.

ఆట అయ్యాక తెర వెనక్కి పోయి అతణ్ణి పట్టుకున్నాను. రంగు తుడుచుకుంటున్నాడు. “పేరు మార్చుకోరాదూ, పీడ పోతది” అన్నాను.

“నేను పెట్టుకున్న పేరైతె మార్చుకుందు సాబ్. జనం పెట్టిండ్రు. నా బిడ్డ పెండ్లిల సుత కోడలు బిడ్డ అనే అన్నరు.”

“పోనీ మునుగరాదా! నీ సొమ్మేం పోయింది?”

“ఎన్నేండ్లు మునిగిన సాబ్! మునిగినప్పుడల్ల మా తండా ఆడోళ్లు ఏడ్చుకుంట ఇండ్లకు పోతుండె. ఒకనాడు మా అవ్వ అడిగింది, ఎందుకు మునుగుతవ్ బిడ్డా, పక్కపొంటి గట్టున్నది గద అని. గా ఏడే గట్టెక్కిన.”

తిరుగు బస్సులో ఈ మాట పటేల్‌కు చెప్పాను. కనీసం ఆలోచిస్తాడనుకున్నాను. కిటికీలోంచి చీకటిపడుతున్న వరిచేల వైపు చూస్తూ కూర్చున్నాడు. తల తిప్పకుండానే అన్నాడు.

“మా వదినె ఎక్కలే సాబ్.”

“ఏ వదినె?”

“మా అన్న పెండ్లాం. కాలువల నీళ్లిడిసిన తొలి ఏడు. మా అవ్వ ఏదో అన్నది, ఆమె నీళ్ల వంతుకని పోయింది, ఇగ రాలే. కాలు జారిందన్నరు. మా ఇంట్ల ఎవలు గట్టిగ ఏడ్వలే. అన్నకు మల్ల పెండ్లి జేసిండ్రు. ఇప్పుడామె పేరు ఎవలకు యాదికి లేదు, నాకు సుత లేదు, చిన్నోన్ని. కాలువగట్టు కోడలు అంటుండిరి ఊరోళ్లు. గా కాలువగట్టు కాడ పోయిన కోడలు అని. గంతే మిగిలింది ఆమెది.”

బస్సులో ఎవరో దగ్గుతున్నారు. నాకు జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ దానికంటే ముందు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఇన్నేండ్లు నా గడప మీద కూసున్నరు గదా పటేలా! ఒక్కనాడన్నా చెప్పిండ్రా?”

“మీరు అడిగిండ్రా? ట్రేడ్‌మార్కు ట్రేడ్‌మార్కు అనుకుంట మీరే చెప్పుకుంట పోతిరి” అన్నాడు. పైగా నాదే తప్పన్నట్టు!

“వానికన్నా చెప్పుండ్రి. ఇంటడు.”

“వాడు వేషగాడు. చెప్పిచ్చుకొని మునుగుతడా? వాడు కోడలు గద, వానికే తెల్వాలె.” ఇట్లాంటి మనిషితో ఎవడు వేగుతాడు?

ఆఖరి మిరుగం నాటికి ఆయన మంచాన పడ్డాడు. కబురు రాదనుకున్నాను. వచ్చింది. తిట్టుకుంటూనే పోయాను. మంచం అరుగు మీదికి లాగించుకున్నాడు. మనిషి సగమయ్యాడు గాని నెత్తిన రుమాలు అట్లాగే ఉంది. పట్వారీ రాలేదు. వేషగాళ్లు ఎవరూ లేరు. హార్మోనియం తిత్తి చిరిగి ఒక మూలన పడి ఉంది.

“ఎట్ల దున్నుతరు పటేలా ఈసారి?” అన్నాను. ఆయన గుంజకు కట్టిన ధోతి వైపు చూపించాడు. రెండో కొస నేను పట్టుకోవాలట. మిగతాది మంచంలోంచి తను పాడతాడట. పాట మొదలుపెట్టాడు. గొంతు పెగల్లేదు.

అప్పుడు వాకిట్లో సైకిల్ ఆగింది. క్యారియర్‌కు చీర మూట. కోడలు దిగాడు. ఎన్నేళ్ల తర్వాతో ఆ వాకిట్లో కాలు పెట్టడం.

“నిన్నెవలు పిలిచిండ్రు?” అన్నాడు పటేల్.

“ఎవలు పిలువలే. సాలు తప్పుతదని వచ్చిన” అన్నాడతను.

తన ధోతి మీదే చీర చుట్టుకున్నాడు. మీసాలు అట్లాగే ఉన్నాయి. తను కట్టుకున్న పాట కాదు, పటేల్ రాసిన పాత పద్యాలే ఎత్తుకున్నాడు. ఒక్క మాట తప్పలేదు. నేను ధోతి ఊపాను. అలల కిందికి దిగాడు. గాజుల్లేని ఆ రైతు చెయ్యి పైకి లేచి, ఒక్కక్షణం ఆగి, మునిగింది. మునగనే మునిగింది.

“చెయ్యి జల్ది దించినవ్. మల్ల” అన్నాడు పటేల్.

అతను మళ్లీ పద్యం ఎత్తుకుని, మళ్లీ మునిగాడు.

“పమిట సర్దుకోలే. మల్ల.”

మళ్లీ మునిగాడు. వాన పెద్దదైంది. నా భుజం లాగుతోంది. “పటేలా, నాకు కోర్టున్నది” అన్నాను. “ఉండనీయి” అన్నాడు, నా వైపు చూడకుండానే. ఎన్నిసార్లు ముంచాడో లెక్కలేదు. ఆ కోడలు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుగంతా నాకే వచ్చింది. ఆఖరికి పటేల్ చెయ్యి ఊపి దగ్గరికి పిలిచాడు. అతను తడిసిన చీరతోనే మంచం పక్కన గొంతుకూర్చుని చెవి ఒగ్గాడు. నేను ధోతి పిండుతూ దూరంగా ఉన్నాను. ‘మా వదినె’ అన్న మాట ఒక్కటి వినపడింది. చాలాసేపు చెప్పాడు. చెప్పడం అయిపోయాక కూడా అతను అక్కణ్ణుంచి లేవలేదు. నేను కోర్టుకు ఆలస్యమై, మున్సిఫ్ గారితో చివాట్లు తిన్నాను.

నాట్లు అయ్యేలోపే పటేల్ పోయాడు. ఇక నా గడప ఖాళీ అయింది, హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు అనుకున్నాను. పీల్చుకున్నాను కూడా. ఆ ఏడు కోతలయ్యాక తండా జట్టు నస్రుల్లాబాద్‌లో ఆడింది. నేను పోలేదు, నాకేం పని? మర్నాడు కోర్టుకు వచ్చిన వాళ్లంతా అదే చెప్పుకుంటున్నారు. కోడలు మునిగిపోయాడట. జనం గట్టెక్కుతుందని చూసి చూసి, ధోతి పట్టినవాళ్లు కూడా ఊపడం మరిచిపోయి నిలబడితే, ఎంతకీ లేవలేదట. ఆడవాళ్లు లేచి దుమ్మెత్తి పోశారట.

నాలుగు రోజులకు అతనే నా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

“ఇప్పుడు గా పేరు ఎవలది సాబ్?” అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మనిషి పోయినా ప్రశ్న పోలేదన్నమాట! “ఎవలది గాదు” అన్నాను గట్టిగా. “ఆ మార్కుకు ఏనాడో గడువు తీరింది. మునుపు సుత ఆపేటోడు లేడు, ఇప్పుడసలే లేడు. జనానికి తెలిసింది నువ్వే. నీదే అనుకో. ఎవలు అడుగుతరు? నీ ఇష్టమున్నట్టు ఆడుకో, మంచిగ గట్టెక్కు, ఆడోళ్ల తిట్లన్నా తప్పుతయి.”

అతను తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు.

“నాదైతె ఎక్కకపోదునా సాబ్?” అన్నాడు.